అమ్మకు దొరికేది 90 రోజులే. పురుడుకి ముందే పిలవాలా, తర్వాత పిలవాలా?

ఖమ్మం అమ్మాయి, ఎర్లాంగెన్

అందరికీ నమస్తే. మేం నూరెంబర్గ్ పక్కన ఎర్లాంగెన్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మాది ఖమ్మం, మా ఆయనది తెనాలి. ఫిబ్రవరి 5 డెలివరీ డేట్ ఇచ్చారు. మొదటి కాన్పు.

మా వైపు మొదటి పురుడు పుట్టింట్లోనే పోస్తారు. అమ్మ ఎప్పటినుంచో గది సిద్ధం చేసుకుని కూర్చుంది, పాత నూలు చీరలు ఉతికి మడత పెట్టింది. కానీ మేమిద్దరం బాగా ఆలోచించుకుని ఇక్కడే కనాలని నిర్ణయించుకున్నాం. ఇండియా వెళ్తే ఏడో నెల దాటకముందే బయల్దేరాలి. పుట్టాక పాపకో బాబుకో పాస్‌పోర్టు, ఆపైన వీసా. అవన్నీ అయ్యేదాకా ఈయన బిడ్డను వీడియో కాల్‌లోనే చూడాలి. అది నాకు ఇష్టం లేదు, ఆయనకు అసలే లేదు. అమ్మకు చెప్తే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి "అయితే నేనే వస్తా" అంది.

ఇప్పుడు అసలు సమస్య. షెంగెన్ విజిటర్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు. అమ్మ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. నాన్నకు షుగర్, ఇన్సులిన్ ఇచ్చేది అమ్మే. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి నాన్న దగ్గర ఉంటానన్నాడు, ఆఫీసు వాళ్లు ఎన్నాళ్లు ఒప్పుకుంటారో తెలియదు. కాబట్టి ఆ 90 రోజుల్లో ఒక్కరోజు కూడా వృథా కాకూడదని నా తాపత్రయం.

డెలివరీకి ముందే వస్తే నాకు ధైర్యం. నొప్పులు మొదలైనప్పుడు అమ్మ ఇంట్లో ఉందంటే ఆ లెక్కే వేరు. కానీ జనవరిలో వస్తే ఏప్రిల్‌లో వెళ్లిపోవాలి, అప్పటికి బిడ్డకు రెండున్నర నెలలు కూడా నిండవు. ఈయన సెలవు ఎప్పుడు పెట్టాలో కూడా దీన్నిబట్టే తేలాలి.

ఇంకో విషయం. అత్తయ్యగారికి కూడా రావాలని ఉంది. నోరు తెరిచి అనలేదు కానీ, మొన్న ఫోన్‌లో "అక్కడి చలికి ఎలాంటి స్వెటర్ తీసుకోవాలమ్మా" అని అడిగారు. మాది ఒక బెడ్‌రూమ్, ఒక హాలు. ఇద్దరినీ ఒకేసారి పెట్టుకోవడానికి చోటు లేదు. ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా చేయాలి? ఇక్కడే కన్నవాళ్లు మీరెలా చేశారో వివరంగా చెప్పండి. సాంబ్రాణి వేస్తే పొగకు అలారం మోగుతుందా అన్నది కూడా.

మ్యూనిక్ నుంచి, ఇద్దరు పిల్లల నాన్న

కంగ్రాట్స్ అండీ. నేను మీవారి వైపు సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఆఖర్లో చూసుకుంటారు.

తండ్రి సెలవును బట్టి అమ్మ టికెట్ వేయండి, అమ్మ టికెట్‌ను బట్టి సెలవు కాదు. ఎల్టర్న్‌జైట్, అంటే బిడ్డ కోసం అమ్మానాన్నలు పెట్టే సెలవు, కావాలంటే అది మొదలయ్యే రోజుకు కనీసం ఏడు వారాల ముందు కంపెనీకి రాసివ్వాలి. బిడ్డ పుట్టిన రోజు నుంచే కావాలంటే డెలివరీ డేట్ నుంచి ఏడు వారాలు వెనక్కి లెక్కపెట్టుకోండి, అంటే మీకు డిసెంబర్ మధ్యలోపు. క్రిస్మస్ సెలవుల హడావుడిలో ఇది జారిపోతుంది. నవంబర్‌లోనే ఇచ్చేయమనండి.

ఆ సెలవులో ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎల్టర్న్‌గెల్డ్. దాని నెలలు క్యాలెండర్ నెలలు కావు, బిడ్డ వయసు నెలలు. 5న పుడితే 5 నుంచి వచ్చే నెల 4 దాకా ఒక నెల. ఒకటో తారీకు నుంచి సెలవు పెట్టి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇంకోటి, 2024 ఏప్రిల్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు మామూలు ఎల్టర్న్‌గెల్డ్‌ను అమ్మానాన్నలిద్దరూ ఒకేసారి తీసుకునేది మొదటి ఏడాదిలో ఒక్క నెలే. కవలలకూ నెల తక్కువ పిల్లలకూ సడలింపు ఉంది. కాబట్టి ఆ ఒక్క నెల మొదటి నెలే పెట్టమనండి. ఆయన మొత్తంమీద కనీసం రెండు నెలలు తీసుకోవాలి కదా, రెండోది 13వ నెలకు ఉంచుకుంటే మంచిది. మీరు మళ్లీ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు బిడ్డను కీటాలో, అంటే డేకేర్‌లో, అలవాటు చేయడానికి అమ్మో నాన్నో వారాల తరబడి పక్కన కూర్చోవాలి. అప్పుడు ఆ నెల అక్కరకొస్తుంది.

సాంబ్రాణికి అలారం మోగుతుంది. బెడ్‌రూముల్లో, పిల్లల గదిలో, నడవాలో పెట్టాలని ఇక్కడ చట్టమే ఉంది. తీసి పక్కన పెట్టకండి. బాల్కనీ ఉంటే అక్కడ వేయండి.

ఉల్మ్ అక్క

చెల్లీ, ముందుగా శుభాకాంక్షలు. నా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. మొదటిసారి మా అమ్మ ముందే వచ్చింది, రెండోసారి తర్వాత వచ్చింది. రెండూ చూశాను కాబట్టి నా మాట గట్టిగానే చెప్తాను. తర్వాతే పిలువు. బిడ్డకు రెండు వారాలు నిండాక.

ఎందుకంటే మొదటి రెండు మూడు వారాలు ఈ దేశం నిన్ను బాగానే చూసుకుంటుంది. ఆ తర్వాతే ఎవరూ ఉండరు. మనవాళ్లు దీన్ని తలకిందులుగా అనుకుంటారు. అమ్మ కళ్లముందు పురుడు జరగాలన్నది మన మనసులో నాటుకుపోయింది, అందుకే ఆ రోజు చుట్టూ లెక్కలు వేస్తాం. కానీ కాన్పు గదిలోకి నీతో రానిచ్చేది సాధారణంగా ఒక్కరినే, మీవారు వెళ్తారు. మామూలు కాన్పైతే మూడు రోజులు, సిజేరియన్ అయితే ఇంకో రోజో రెండు రోజులో ఆసుపత్రిలో ఉంటావు. ఆ రోజుల్లో మీ అమ్మ ఏం చేస్తుంది? జనవరిలో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడే ఊళ్లో, భాష తెలియకుండా, ఫోన్ చేతిలో పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటుంది. మా అమ్మ అలాగే కూర్చుంది. నాకు లోపల నొప్పులు, అవతల అమ్మ ఏమైనా తిన్నదో లేదోనని టెన్షన్. ఒక్క సంగతికి మాత్రం అమ్మ ఉండి తీరాల్సి వచ్చింది, తిండికి. ఆసుపత్రిలో రాత్రి పెట్టేది చల్లటి బ్రెడ్డు, చీజు. బాలింతకు అది మనవాళ్లు ఊహించుకోలేరు. దానికి కూడా మార్గం ఉంది. మిరియాల చారు, మెత్తటి అన్నం ఫ్లాస్కులో తేవడం మీవారికి ఇప్పుడే నేర్పు. ఫ్యామిలీ రూమ్ దొరికితే కొంత డబ్బు కట్టి ఆయన కూడా నీతోనే పడుకోవచ్చు.

ఇంటికొచ్చాక హెబామె, అంటే మంత్రసాని, వస్తుంది. మొదటి పది రోజులూ అవసరమైతే రోజూ, తర్వాత 12 వారాల దాకా అప్పుడప్పుడూ. ఖర్చు క్రాంకెన్‌కాసెదే, అంటే హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లదే. బొడ్డు చూస్తుంది, బరువు తూస్తుంది, పాలు పట్టడం నేర్పుతుంది, నీ కుట్లు చూస్తుంది. నువ్వు ఏడిస్తే పక్కన కూర్చుంటుంది. నాకు వచ్చినావిడ ఒకరోజు ఏ పనీ చేయకుండా నా మాటలు వింటూ గంటసేపు కూర్చుంది, ఆవిడను ఎప్పటికీ మర్చిపోను. అయితే హెబామెలకు కరువు. ప్రెగ్నెన్సీ తెలిసిన వారంలోనే వెతకాలంటారు ఇక్కడ. నువ్వింకా మాట్లాడుకోకపోతే ఈ రాత్రే మొదలుపెట్టు. పిల్లల డాక్టర్‌ను కూడా ముందే అడిగి ఉంచు. బిడ్డకు మూడో రోజుకూ పదో రోజుకూ మధ్య జరిగే యు2 అనే ఆరోగ్య పరీక్ష సాధారణంగా ఆసుపత్రిలోనే అయిపోతుంది, నాలుగైదు వారాలకు వచ్చే యు3కి మాత్రం డాక్టర్ కావాలి. కొత్త పిల్లలను తీసుకోం అనే క్లినిక్‌లు చాలా ఉన్నాయి.

ఇక లెక్క చూడు. మొదటి నెల మీవారు ఇంట్లో, హెబామె వస్తూ ఉంటుంది. ఫిబ్రవరి 20 ప్రాంతంలో మీ అమ్మ దిగితే 21వ రోజు బారసాలకు ఉంటుంది, మే మూడో వారం దాకా ఉంటుంది. మార్చిలో మీవారు ఆఫీసుకు వెళ్లిపోతారు. బిడ్డ కడుపునొప్పితో సాయంత్రాలు గుక్కపట్టి ఏడ్చేది సరిగ్గా అప్పుడే. నీ నిద్ర పూర్తిగా పాడయ్యేదీ అప్పుడే. ఆరేడు వారాలు గడిచాక రుక్‌బిల్డుంగ్ అనే వ్యాయామం క్లాసులకు వెళ్లాలి, మొత్తం పది గంటల క్లాసుల ఖర్చు ఇన్సూరెన్స్ ఇస్తుంది. బిడ్డను అమ్మ చేతిలో పెట్టి వెళ్లగలిగితేనే ఆ క్లాసుకు వెళ్తావు. నా మొదటి కాన్పులో అమ్మ సరిగ్గా ఆ సమయానికి విమానం ఎక్కేసింది. రెండో నెల చివర నుంచి నాలుగో నెల దాకా నేను పడ్డది నువ్వు పడకూడదనే ఇంత రాస్తున్నాను.

కాగితాలు. మీరు ఖర్చు భరిస్తామని ఇచ్చే హామీపత్రం, అదే ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్, విదేశీయుల ఆఫీసు ఔస్‌లెండర్‌బెహోర్డెలో తీసుకోవాలి, 29 యూరోలు. అపాయింట్‌మెంట్ దొరకడానికే టైం పడుతుంది. వీసాకు ప్రయాణం ముందు ఆరు నెలల లోపు ఎప్పుడైనా అప్లై చేయొచ్చు, ఆఖరి దాకా ఆగొద్దు. అమ్మకు ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి, కానీ పాత జబ్బులకు అది సాధారణంగా పనికిరాదు. అమ్మకు బీపీ మాత్రల్లాంటివి ఉంటే మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోమను. తేదీ మార్చుకోగల టికెట్టే కొను, పిల్లలు డేట్ చూసుకుని పుట్టరు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా వస్తుంది. మధ్యలో దిగి మారే పని లేదు కాబట్టి మొదటిసారి ఎక్కేవాళ్లకు అదే మేలు. మీవారు ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లి రైల్లో తీసుకొస్తే సరి.

అమ్మ వచ్చేదాకా ఆ రెండు వారాల్లో మీవారికి సెలవు కుదరకపోయినా, ఆయనకు జ్వరం వచ్చినా భయపడకు. కాన్పు తర్వాత ఇంటిపని చేయలేని స్థితిలో ఉండి, ఇంట్లో చేసేవాళ్లు ఇంకెవరూ లేకపోతే హౌస్‌హాల్ట్స్‌హిల్ఫె అని పనిమనిషి సాయం క్రాంకెన్‌కాసె ఇవ్వాలి. డాక్టర్ గానీ హెబామె గానీ రాసిస్తే దరఖాస్తు పెట్టొచ్చు. మనవాళ్లలో దీన్ని అడిగినవాళ్లు నాకు దాదాపు కనిపించలేదు. మనం నెలనెలా కట్టే డబ్బే అది, మొహమాటపడొద్దు.

అత్తయ్యగారి విషయం. వచ్చే వేసవికి ఆవిడను ఇప్పుడే పిలువు. మీవారు కాదు, నువ్వు ఫోన్ చేసి పిలువు. జూన్ నుంచి ఆగస్టు దాకా అయితే బిడ్డ నవ్వుతూ, బోర్లాపడుతూ ఉంటుంది. జూన్‌లో వెలుతురు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, పార్కులకు తీసుకెళ్లొచ్చు. ఆవిడ 90 రోజుల లెక్క ఆవిడది, అమ్మ లెక్కతో సంబంధం లేదు.

ఏలూరు అమ్మమ్మ

అమ్మా, నేను రిటైరైన టీచర్ని. మా అమ్మాయి పురుడుకు డార్మ్‌స్టాట్ వెళ్లి వచ్చాను. ఇక్కడ అందరూ కూతుళ్ల వైపు నుంచి చెప్పారు, నేను మీ అమ్మ వైపు నుంచి చెప్తాను.

నువ్వు ఎప్పుడు పిలవాలని అడిగావు గానీ మీ అమ్మను అడిగావా? తను వదిలి వచ్చేది ఇన్సులిన్ వేసుకునే మనిషిని. నా వయసు వాళ్లకు అది చిన్న సంగతి కాదు. అక్కడ ఉన్నన్నాళ్లూ మనవరాలిని ఎత్తుకున్నా నా సగం ప్రాణం ఏలూరులోనే ఉంది. ఆయనతో మాట్లాడకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. మీకు చలికాలంలో రాత్రి రెండున్నర అంటే మనకు పొద్దున ఏడు. బిడ్డ పాలకు లేచే వేళ అదే. మా అమ్మాయి పాలిస్తుంటే నేను పక్కన కూర్చుని మా ఆయనకు వీడియో కాల్ చేసేదాన్ని, టిఫిన్ తిన్నారా, మాత్ర వేసుకున్నారా అని. ముగ్గురం ఆ వేళకే బాగా మాట్లాడుకున్నాం. మీ అమ్మ కూడా మీ నాన్న ఇన్సులిన్ వేసుకోవడం కళ్లారా చూస్తే నిశ్చింతగా ఉంటుంది. ఈలోపు ఆయన తనంతట తాను సూది వేసుకోవడం నేర్చుకోవాలి. ఇప్పటినుంచి ఫిబ్రవరికి బోలెడు టైం ఉంది. మీ తమ్ముడిని పక్కన ఉండి నేర్పమను.

ఇక మంత్రసాని సంగతి. మా దగ్గరికి వచ్చిన పిల్లకు పాతికేళ్లు ఉంటాయేమో, సైకిల్ మీద వచ్చేది. గుడ్డలో బిడ్డను వేసి చిన్న తక్కెడకు వేలాడదీసి తూచేది. మొదట్లో నాకు గుండె దడ. కాటుక వద్దంది, చెవుల్లో ముక్కులో నూనె వద్దంది, వెల్లకిలా పడుకోబెట్టమంది, దుప్పటి బదులు నిద్రసంచి తొడగమంది. గది 18 డిగ్రీలు చాలంది. పసిపిల్లకు 18 డిగ్రీలేమిటని నేను వాదించాను, మా అమ్మాయి ఇద్దరి మధ్య నలిగింది. తర్వాత డాక్టర్ కూడా అదే చెప్పాడు, కారణం వివరించాడు, ఒప్పుకున్నాను. కాటుక అరికాలికి పెట్టాను, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒళ్లంతా నూనె రాసి మర్దన చేస్తే మాత్రం ఆ పిల్ల నిలబడి చూసి, తన ఫోన్‌లో వీడియో తీసుకోవచ్చా అని మా అమ్మాయిని అడిగింది. నువ్వు చేయాల్సిందల్లా, హెబామె చెప్పేవి మీ అమ్మ రాకముందే ఫోన్‌లో ఒక్కొక్కటిగా చెప్పు. వచ్చాక ఆ పిల్ల ఎదుట చెప్తే అమ్మకు చిన్నతనంగా ఉంటుంది.

అమ్మకు ఆ ఇంట్లో తనదంటూ ఒక పని ఉండాలి. నాకు వంటిల్లు వదిలేశారు, అది చాలా మంచిదైంది. ఊరికే కూర్చోబెట్టి "నువ్వు రెస్టు తీసుకో" అంటే మాకు ఊపిరాడదు. దగ్గరి సూపర్‌మార్కెట్‌కు నాలుగుసార్లు తోడు తీసుకెళ్లి, ఐదోసారి ఒంటరిగా పంపు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పాలు, పెరుగు తెచ్చుకున్న రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో. తాళంచెవి ఎప్పుడూ మెడలో వేసుకోమను. అక్కడి తలుపులు బయటి నుంచి లాగితే పడిపోతాయి, చెత్త పారేయడానికి అడుగు బయట పెట్టినా తాళంచెవి ఉండాల్సిందే. తాళాలు తీసేవాణ్ని పిలిస్తే వందల యూరోలు అడుగుతారట.

తేవాల్సినవి: వాము, శొంఠి, పిప్పళ్లు, మోడి, నలుగుపిండి, వెల్లుల్లి కారం, బాలింతకు పెట్టే కాయం ఇంట్లోనే చేసి గాలి చొరకుండా కట్టి తేవాలి. పొత్తిగుడ్డలకు నూలు చీరలు తప్పకుండా. బరువు లేనివి, అక్కడ ఎంత డబ్బు పెట్టినా అంత మెత్తటి గుడ్డ దొరకదు. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు పెట్టుకోవద్దను. బయటి దేశాల నుంచి పాల వస్తువులు, మాంసం తేవడం యూరప్‌లో నిషేధం, కస్టమ్స్ వాళ్లు చూస్తే తీసి పారేస్తారు.

ఎప్పుడు రావాలంటే నేనూ తర్వాతే అంటాను. నేను ముందు వెళ్లాను. ఆసుపత్రి బయట ఆ చలిలో నిలబడి తిరిగొచ్చిన రోజు ఎవరికీ వద్దు.

ఖమ్మం అమ్మాయి, ఎర్లాంగెన్

అమ్మమ్మగారూ, మీ జవాబు అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. మీరు అన్నట్టు నేను అమ్మను అడగనే లేదు, తేదీలు మాత్రమే చెప్తున్నాను. ఇప్పుడు అడిగితే "నొప్పులప్పుడు నేనుండి చేసేదేముంది, నీ ఒళ్లు కుదుటపడే దాకా ఉండాలి" అంది. నాన్న పెన్ను ఇంజెక్షన్ తనే వేసుకుంటానన్నారు, నిన్న తమ్ముడి ముందు ఒకసారి వేసుకున్నారు కూడా.

నొప్పుల రోజున అమ్మ ఉండదన్న బెంగ నాకింకా ఉంది, అది పోయిందని చెప్పను. కానీ మార్చి, ఏప్రిల్ నెలలు ఒంటరిగా గడపడం కంటే ఇదే నయం అనిపించింది. ఫిబ్రవరి 20కి డేట్ మార్చుకునే టికెట్ చూస్తున్నాం. ఈయన మొదటి నెల, 13వ నెల ఎల్టర్న్‌జైట్ రాసేశారు, ఈ వారమే ఆఫీసులో ఇస్తారు. హామీపత్రానికి అపాయింట్‌మెంట్ వచ్చే నెల దొరికింది.

ఉల్మ్ అక్కా, హెబామెను అడగడమే మొదలుపెట్టలేదు నేను, డాక్టర్ చెప్తారులే అనుకున్నాను. రాత్రి కూర్చుని పదిమందికి పైగా మెసేజ్ పెట్టాను, ఒకావిడ ఫోన్ చేసి మాట్లాడదాం అంది. అత్తయ్యగారికి కూడా నేనే ఫోన్ చేశాను. జూన్‌లో రమ్మన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే స్వెటర్ అక్కర్లేదన్నమాట" అన్నారు. గొంతులో సంతోషం తెలిసిపోయింది.

చివరగా ఒక్కటి. అమ్మ నెయ్యి తేకూడదంటే కాయానికీ బాలింత అన్నానికీ ఏ నెయ్యి వాడారు మీరు?

ఉల్మ్ అక్క

ఉప్పు లేని వెన్న కొనుక్కో, జ్యూస్‌రామ్‌బుట్టర్ అని ఉంటుంది, ఏ షాపులోనైనా 250 గ్రాముల కట్టలు. రెండు మూడు కట్టలు కలిపి సన్నటి సెగ మీద కాచి, అడుగున గసి ఎర్రబడగానే దించి వడకట్టు. సీసాలో పోసి ఉంచితే నెలలు నిలవ ఉంటుంది. జనవరిలోనే కాచి పెట్టేసుకో, ఫిబ్రవరిలో నీకు స్టవ్ దగ్గర నిలబడే ఓపిక ఉండదు. ఆ హెబామె ఫోన్ చేసినప్పుడు ఇంటికి వస్తుందో, తన క్లినిక్‌కే రమ్మంటుందో ముందే కనుక్కో. ఇంటికొచ్చే ఆవిడైతేనే మాట్లాడుకో.